రెండు నెట్ కనెక్షన్లు, మూడు పాత కంప్యూటర్లు: ఇంట్లో వేగం పెంచుకునే పద్ధతి

ఆవకాయ పెట్టే రోజున ముక్కలు కొట్టడానికి నలుగురు కూర్చుంటే గంటన్నర పని అరగంటలోపే అయిపోతుంది. జాడీకి ఎత్తిన తరువాత మాత్రం మూడో రోజు దాకా ఆగి తిరగకలపాల్సిందే. నలభై మంది వచ్చి కూర్చున్నా ఆ మూడు రోజులు రెండు రోజులు కావు. ఇంట్లో రెండు మోడెమ్‌లు పెట్టుకోవాలనుకునేవారూ, మూలన పడి ఉన్న పాత కంప్యూటర్లను జతచేసి వేగం రాబట్టాలనుకునేవారూ మొదట తేల్చుకోవలసింది ఇదే: మన పని ముక్కలు కొట్టడం లాంటిదా, ఊరడం లాంటిదా? పంచుకోవడానికి వీలున్న పనే వేగం పుంజుకుంటుంది.

నేను బెంగళూరు మారతహళ్లిలో అద్దె ఇంట్లో, మూడో అంతస్తులో ఉంటాను. ఇద్దరం ఇంటి నుంచే ఉద్యోగం చేస్తాం, పాపకు సాయంత్రం ఆన్‌లైన్ సంగీతం క్లాసు. మా ఇంటికీ, చుట్టుపక్కల నాలుగైదు తెలుగు కుటుంబాలకూ ఈ అమరిక చేసి పెట్టిన అనుభవంతో రాస్తున్నాను. ముందు నెట్ కనెక్షన్ల సంగతి, తరువాత కంప్యూటర్ల సంగతి.

కొనేముందు కొలవండి

మోడెమ్ నుంచి ల్యాప్‌టాప్‌కు నేరుగా ఈథర్‌నెట్ కేబుల్ పెట్టి వేగం చూడండి. ఉదయం ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి, వరుసగా మూడు రోజులు చూసి కాగితం మీద రాసుకోండి. అదే సమయంలో పడకగదిలో వైఫై మీద ఎంత వస్తుందో కూడా రాయండి. కేబుల్ మీద నిండుగా వచ్చి, వైఫై మీద సగం కూడా రాకపోతే మీకు రెండో కనెక్షన్ అక్కరలేదు. నన్ను పిలిచిన ఇళ్లలో ఎక్కువ చోట్ల జబ్బు వైఫైలోనే కనిపించింది. అపార్ట్‌మెంట్లలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ సంతలా ఉంటుంది. అందులో ఒకదాని మీద ఒకటి పడని ఛానెళ్లు 1, 6, 11 మూడే. చుట్టూ ఇరవై రౌటర్లు ఉంటే అందరూ ఆ మూడింటి కోసమే తోసుకుంటారు. 5 గిగాహెర్ట్జ్‌కు మారడం, రౌటర్‌ను టీవీ వెనక నుంచి తీసి ఇంటి నడిమధ్య ఎత్తులో పెట్టడం పైసా ఖర్చు లేని పనులు.

కేబుల్ మీద కూడా ఎప్పుడు చూసినా 94, 95 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోతుంటే లైనును తప్పుపట్టకండి. ఎక్కడో ఒక పోర్టు 100 ఎంబీపీఎస్‌దే అయి ఉంటుంది, లేదా కేబుల్‌లోని ఎనిమిది తీగల్లో ఒకటి తెగి ఉంటుంది. గిగాబిట్ వేగానికి ఎనిమిదీ కావాలి, 100కు నాలుగు చాలు. అందుకే దెబ్బతిన్న కేబుల్ పూర్తిగా ఆగిపోకుండా నెమ్మదిగా పనిచేస్తూ మనల్ని మోసం చేస్తుంది.

రెండో కనెక్షన్ ఏ దారిన వస్తుంది?

వేరే కంపెనీ కదా అని రెండో ఫైబర్ తీసుకోవడం నేను చేసిన మొదటి పొరపాటు. మే నెలలో ఒక సాయంత్రం గాలివానకు వీధి చివరి చెట్టు కొమ్మ విరిగి పడింది. రెండు కంపెనీల తీగలూ ఆ చెట్టును ఆనుకునే వస్తున్నాయి. రెండూ ఒకే క్షణంలో తెగిపోయాయి, ఒకదాన్ని మర్నాడు, రెండోదాన్ని ఆ తరువాతి రోజు కలిపారు. బిల్లులు రెండు కడుతూ దారి మాత్రం ఒక్కటే పెట్టుకున్నానని ఆ రోజు అర్థమైంది.

కాబట్టి తీగ లాగడానికి వచ్చిన మనిషిని మొహమాటం లేకుండా అడగండి: "అన్నా, ఈ లైను ఏ స్తంభం మీదుగా వస్తుంది? మొదటి లైనూ ఆ దారిదేనా?" వాళ్లు ఓపికగా చూపిస్తారు. నా సలహా ఏమిటంటే ఒకటి ఫైబర్, రెండోది 5జీ మీద నడిచే ఇంటి కనెక్షన్ తీసుకోండి. మన వీధిలో రోడ్డు తవ్వినా కొమ్మ విరిగినా టవరు నుంచి వచ్చే సిగ్నల్‌కు నష్టం ఉండదు. 5జీ పెట్టెను మాత్రం ప్రతి కిటికీ దగ్గరా పెట్టి కొలవండి. మా ఇంట్లో హాలులో వచ్చిన వేగానికి వంటింటి కిటికీ దగ్గర రెట్టింపు వచ్చింది. ప్లాను కాగితంలో నెలకు ఎంత డేటా దాటితే వేగం తగ్గిస్తారో కూడా చదవండి. ఆ అంకె తరువాత మనకు అవసరపడుతుంది.

కరెంటు సంగతి మరవకండి. మోడెమ్, రౌటర్ రెండింటికీ చిన్న డీసీ యూపీఎస్‌లు దొరుకుతాయి. అడాప్టర్ వెనక రాసి ఉన్న వోల్టులూ ఆంపియర్లూ చూసి తీసుకోండి. 12 వోల్టుల పెట్టెకు 9 వోల్టులు ఇస్తే లైటు వెలుగుతుంది కానీ పని నిలకడగా సాగదు.

పంచడం వేరు, పేనడం వేరు

రెండు కనెక్షన్లను వాడుకోవడానికి రెండు పద్ధతులున్నాయి. లోడ్ బ్యాలెన్సింగ్‌లో రౌటర్ ఒక్కొక్క సంభాషణను ఒక్కొక్క లైనుకు పంచుతుంది. మీ వీడియో కాల్ ఒక లైనులో, పాప క్లాసు ఇంకో లైనులో వెళతాయి. ఇంటి మొత్తానికి 100, 50 కలిసి 150 దొరుకుతుంది కానీ ఒక్క కాల్‌కు 150 రాదు. బాండింగ్‌లో రెండు లైన్లను తాడులా పేని, ఒక్క సంభాషణనే రెండింటి మీదా పంపుతాం.

డయల్‌అప్ కాలంలో రెండో పద్ధతే ఉండేది. రెండు టెలిఫోన్ లైన్లకు రెండు 56 కేబీపీఎస్ మోడెమ్‌లు తగిలించి ఒకటిగా వాడేవారు. మల్టీలింక్ పీపీపీ అనే ఆ పద్ధతికి 1996లో వచ్చిన ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 1990. అప్పుడు అది సాధ్యం కావడానికి కారణం రెండు ఫోన్లూ ఒకే నెట్ కంపెనీకి చేరడమే. మనం ఇటు విడగొట్టిన డేటాను అటువైపు వాళ్లు మళ్లీ వరుస పెట్టి కలిపేవారు. ఇప్పుడు మన రెండు లైన్లు రెండు వేర్వేరు కంపెనీలవి. అవతల కలిపేవారు లేరు. ఏదో ఒక సాఫ్ట్‌వేర్ వేసుకుంటే చాలు, రెండు కంపెనీల నెట్ ఒకటైపోతుందని చెప్పేవారి మాట నమ్మేముందు ఒక్కటే అడగండి: అవతలి కొసలో కలిపేది ఎవరు?

విండోస్ ల్యాప్‌టాప్‌కు కేబుల్, వైఫై రెండూ తగిలించినా వేగం కలవదు. మెట్రిక్ అనే అంకె దేనికి తక్కువ ఉంటే ఆ దారినే విండోస్ వాడుతుంది, రెండోది ఖాళీగా ఉంటుంది.

లోడ్ బ్యాలెన్సింగ్ అమర్చే క్రమం

ఇళ్లకు సరిపోయేది ఇదే కనుక వివరంగా చెబుతాను.

1. రెండు మోడెమ్‌ల లోపలి చిరునామాలు వేరు చేయండి. చాలా మోడెమ్‌లు 192.168.1.1 అనే చిరునామాతోనే వస్తాయి. రెండూ అదే అయితే ఏది ఎటువైపు ఉందో రౌటర్‌కు తెలియదు. రెండోదాని సెట్టింగుల్లోకి వెళ్లి 192.168.2.1 చేయండి. కొత్త రౌటర్‌కు 192.168.10.1 ఇవ్వండి. నెట్ ఒకసారి వచ్చి ఒకసారి పోతోందని నన్ను పిలిచిన రెండు ఇళ్లలో తప్పు ఇదే.

2. ఆ మోడెమ్‌ల వైఫైని ఆపేయండి. లేకపోతే ఇంట్లో ఫోన్లు పాత అలవాటుకొద్దీ వాటికే అతుక్కుని కొత్త రౌటర్‌ను దాటి వెళ్లిపోతాయి. వీలైతే మోడెమ్‌ను బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే తాను రౌటర్ పని చేయకుండా నెట్‌ను మాత్రమే దాటించేలా, పెట్టించండి. కాదంటే వదిలేయండి. మామూలు వాడకానికి తేడా తెలియదు. బయటి నుంచి ఇంటి కెమెరాలను నేరుగా చూడాలనుకునేవారికే ఇబ్బంది.

3. ఒకటికి మించి వ్యాన్ పోర్టులు (బయటి నెట్ లైను తగిలించేవి) ఉన్న రౌటర్ తెచ్చుకోండి. టీపీ-లింక్, మైక్రోటిక్ వంటి కంపెనీలు ఇళ్లకు సరిపోయే ధరలో చేస్తున్నాయి. తక్కువలో కావాలంటే బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారైన ఎస్.పి. రోడ్డులో వాడిన రౌటర్ కొని ఓపెన్‌వర్ట్ అనే ఉచిత రౌటర్ సాఫ్ట్‌వేర్ ఎక్కించవచ్చు. అలాంటప్పుడు అట్ట మీది పేరు చూసి కొనకండి. అడుగున స్టిక్కర్ మీద వెర్షన్ అంకె ఉంటుంది. పేరు ఒకటే ఉండి వెర్షన్ మారితే లోపలి చిప్ మారిపోతుంది. ఓపెన్‌వర్ట్ వారి జాబితాలో ఆ పేరూ ఆ వెర్షనూ రెండూ కనబడాలి. ఫ్లాష్ 16 ఎంబీ, ర్యామ్ 128 ఎంబీకి తగ్గకుండా చూడండి.

4. ఓపెన్‌వర్ట్ అయితే ఒక ల్యాన్ పోర్టును (ఇంట్లోని యంత్రాలు తగిలించేది) విడదీసి రెండో వ్యాన్‌గా పేరు పెట్టండి, దాన్ని ఫైర్‌వాల్‌లో వ్యాన్ జోన్‌లో చేర్చండి. రెండు వ్యాన్‌లకూ వేర్వేరు గేట్‌వే మెట్రిక్‌లు (ఏ దారి ముందో చెప్పే అంకెలు) ఇవ్వండి, ఫైబర్‌కు 10, 5జీకి 20 అనుకోండి. ఈ అంకెలు ఇవ్వకుండా ముందుకు వెళితే తరువాతి అడుగులన్నీ వృథా. రౌటర్ పట్టికలో ఒక్క దారే నిలబడుతుంది.

5. లైన్ల మధ్య పని పంచే ఎమ్‌వ్యాన్3 అనే ప్యాకేజీని, దాని తెరపేజీతో సహా వేయండి. మొదట ప్రతి లైనుకూ కాపలా పెట్టాలి. రౌటర్ కొన్ని సెకన్లకొకసారి 1.1.1.1, 8.8.8.8 వంటి చిరునామాలను పలకరించి, జవాబు రాకపోతే లైను పోయిందని నిర్ణయిస్తుంది. మోడెమ్‌నే పలకరించమని పెట్టకండి. వీధిలో తీగ తెగినా ఇంట్లో మోడెమ్ జవాబిస్తూనే ఉంటుంది కనుక రౌటర్ మోసపోతుంది.

6. వాటాలు వేయండి. ఫైబర్ 100, 5జీ 50 ఇస్తుంటే 2, 1 అని బరువులు ఇవ్వండి. ఇందాక చూసి పెట్టుకున్న డేటా పరిమితి తక్కువైతే 5జీ బరువును ఇంకా తగ్గించండి, ఉదాహరణకు 4, 1. ఇక్కడ కూడా మెట్రిక్ అనే అంకె మళ్లీ వస్తుంది, నాలుగో అడుగులోని దానితో కలిపేసుకోకండి. ఈ పేజీలో రెండు సభ్యులకూ (లైన్లను ఇక్కడ అలా పిలుస్తారు) మెట్రిక్ ఒకటే అయితే పని పంచుకుంటాయి. వేరైతే పెద్ద అంకె ఉన్నది కాచుకుని కూర్చుని, మొదటిది పడిపోయినప్పుడే లేస్తుంది.

7. మినహాయింపులు రాయండి. దీన్ని వదిలేసి, లాగిన్ అయిన నిమిషానికే బ్యాంకు సైటు బయటికి తోసేసిందని వాపోతారు. ఒక క్లిక్ ఒక లైనులో, తరువాతి క్లిక్ ఇంకో లైనులో వెళితే, బ్యాంకు కంటికి ఇద్దరు మనుషులు ఒకే ఖాతా తెరిచినట్టు కనబడుతుంది. 443 పోర్టుకు (భద్రమైన సైట్లు వాడే దారి) స్టికీ, అంటే అతుక్కుని ఉండే, నియమం పెడితే కొంతసేపు ఒకే లైనుకు కట్టుబడి ఉంటుంది. పది నిమిషాలు అంటే 600 సెకన్లు బాగానే సరిపోతుంది. ఆఫీసు ల్యాప్‌టాప్‌కు రౌటర్‌లో స్థిరమైన చిరునామా కేటాయించి, అది ఎప్పుడూ ఫైబర్ మీదే వెళ్లాలని, ఫైబర్ పోతేనే 5జీకి మారాలని రాయండి. వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌కు కలిపే రహస్య దారి), వీడియో కాల్ రెండూ దీనితో కుదుటపడతాయి.

8. తీగ పీకి చూడండి. మాటకు చెప్పడం లేదు, నిజంగానే పీకాలి. వీడియో కాల్ నడుస్తుండగా ఫైబర్ కేబుల్ లాగేయండి. కొన్ని సెకన్లు బొమ్మ ఆగి, కాల్ మళ్లీ అందుకోవాలి. తరువాత దాన్ని పెట్టి రెండోదాన్ని పీకండి. నేను ఎవరింట్లో చేసినా ఇంటివారి చేతనే ఈ పరీక్ష చేయిస్తాను. లైను నిజంగా పోయిన రోజున వాళ్లు కంగారు పడరు.

ఒకే పెద్ద ఫైలు దించుకోవడంలో కూడా రెండు లైన్లూ కలిసి రావాలంటే, ఆ ఫైలును ముక్కలుగా తెచ్చే ఆరియా2 వంటి డౌన్‌లోడ్ సాఫ్ట్‌వేర్ వాడండి. అది ఒకేసారి అనేక కనెక్షన్లు తెరుస్తుంది, రౌటర్ వాటిని రెండు వైపులా పంచుతుంది. ఇందుకు పైన చెప్పిన స్టికీ నియమం అడ్డుపడుతుంది కనుక, ఆ ఒక్క కంప్యూటర్‌కు ఆ నియమం వర్తించకుండా మినహాయించండి. టొరెంట్లకూ ఇదే మేలు దొరుకుతుంది.

నిజమైన బాండింగే కావాలనుకునేవారికి రెండు మాటలు. అవతలి కొసలో కలిపే సర్వర్ ఒకటి మీరే అద్దెకు తీసుకోవాలి, లేదా స్పీడిఫై వంటి చందా సేవలో చేరాలి. ఓపెన్ ఎంపీటీసీపీ రౌటర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మొదటి పద్ధతిలో పనిచేస్తుంది. దానికి ఆధారమైన, ఒకే సంభాషణను అనేక దారుల్లో పంపే మల్టీపాత్ టీసీపీ 2020లో వచ్చిన లినక్స్ 5.6 నుంచి అసలు కెర్నెల్‌లోనే (లినక్స్ లోపలి మూల భాగం) ఉంది. సర్వర్ బెంగళూరులోనో ముంబయిలోనో ఉండేలా చూసుకోండి. విదేశంలో ఉంటే ప్రతి మాటా సముద్రం దాటి వచ్చి ఆలస్యం పెరుగుతుంది. కొన్ని సినిమా సేవలు అలాంటి సర్వర్ల నుంచి వచ్చేవారిని అనుమతించవు. ఇంటి నుంచి రోజూ ప్రత్యక్ష ప్రసారం చేసేవారికి ఈ శ్రమ, ఖర్చు తగినవి. మిగతావారికి లోడ్ బ్యాలెన్సింగే మంచిదని నా అభిప్రాయం.

ఇక కంప్యూటర్లను కలపడం

బెంగళూరుకు ఈ పని కొత్త కాదు. ఇక్కడి నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్‌లో 1986లోనే ఫ్లోసాల్వర్ అనే సమాంతర కంప్యూటర్‌ను తయారుచేశారు. గాలి, ద్రవాల ప్రవాహాన్ని లెక్కగట్టే పనిని అనేక ప్రాసెసర్లకు పంచడం దాని ఉద్దేశం. 1994లో నాసాలో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ బజారులో దొరికే 486 కంప్యూటర్ భాగాలతో పదహారింటిని ఈథర్‌నెట్‌తో కలిపి బేవుల్ఫ్ అని పేరు పెట్టారు. ఇంట్లో మనం చేయబోయేది దానికి చిన్న తమ్ముడు.

ముందుగా ఒక హెచ్చరిక. ఎక్సెల్, బ్రౌజర్, ఆటలు వంటివి ఎన్ని కంప్యూటర్లు పక్కన పెట్టినా ఇసుమంత వేగం పెరగవు. అవి నెమ్మదిగా ఉంటే ఎస్‌ఎస్‌డీ వేయించండి, ర్యామ్ పెంచండి. పంచడానికి వీలైనవి వేరే ఉన్నాయి: వందల వీడియోలను మార్చడం, బ్లెండర్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేములు గీయడం, పెద్ద ప్రోగ్రాములను కంపైల్ చేయడం (యంత్రం నడపగల రూపంలోకి మార్చడం), స్కాన్ చేసిన పుస్తకాలను అక్షరాలుగా మార్చడం. జీన్ ఆమ్‌దాల్ 1967లో చెప్పిన సూత్రం ఆవకాయ లెక్కే. పనిలో పదోవంతు పంచడానికి వీలు కానిదైతే నాలుగు కంప్యూటర్లకు మూడు రెట్ల వేగమే వస్తుంది, వెయ్యి కంప్యూటర్లు పెట్టినా పది రెట్లు దాటదు.

మా తాతగారు బైండు చేయించి దాచిన పాత పత్రికలు స్కాన్ చేస్తే 2,400 పేజీలు వచ్చాయి. వాటిలో మాటలు వెతుక్కునే వీలు కావాలని, తెలుగు చదవగల టెసరాక్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో అక్షరాలుగా మార్చాలనుకున్నాను. నా దగ్గర మూడు యంత్రాలున్నాయి. కొత్త డెస్క్‌టాప్ పేజీకి 8 సెకన్లు, పాత ల్యాప్‌టాప్ 12, మరీ పాతది 20 తీసుకున్నాయి. డెస్క్‌టాప్ ఒక్కటే అయితే 5 గంటల 20 నిమిషాలు. మూడింటికీ సమానంగా ఎనిమిదివందల పేజీల చొప్పున పంచితే? డెస్క్‌టాప్ గంటా ముప్పావులో ముగించి ఖాళీగా కూర్చుంటుంది, ముసలి ల్యాప్‌టాప్ మాత్రం నాలుగున్నర గంటలు ఈడుస్తుంది. అంతా కలిపి మిగిలింది గంట లోపే. అదే పేజీలన్నీ ఒక వరుసలో పెట్టి, చేతిలో పని అయిన యంత్రం తరువాతి పేజీ తీసుకోవాలని చెబితే 2 గంటల 35 నిమిషాల్లో మూడూ ఇంచుమించు ఒకేసారి ముగిస్తాయి. అన్నం వడ్డించినట్టు సమానంగా వడ్డించకూడదు, ఎవరి ఆకలి కొద్దీ వాళ్లు పెట్టుకోవాలి.

దానికి కావలసిన అమరిక ఇది. మూడు యంత్రాలనూ గిగాబిట్ స్విచ్‌కు కేబుళ్లతో కలపండి. వైఫై మీద చేయకండి. గిగాబిట్ కేబుల్ మీద 10 జీబీ ఒకటిన్నర నిమిషంలో చేరుతుంది, 100 ఎంబీపీఎస్ మాత్రమే అందే వైఫై మీద పదమూడు నిమిషాలు దాటుతుంది. అన్నింటిలో ఒకే లినక్స్, ఒకే వెర్షన్ వేయండి. రౌటర్‌లో మూడింటికీ స్థిరమైన చిరునామాలు కేటాయించండి. ఒక యంత్రం నుంచి మిగతా రెండింటిలోకి పాస్‌వర్డ్ అడగకుండా వెళ్లేలా ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి భద్రంగా లోపలికి వెళ్లే పద్ధతి) తాళాలు అమర్చండి. పేజీలున్న ఫోల్డర్‌ను ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీద ఫోల్డర్ పంచుకునే పద్ధతి) ద్వారా మూడింటికీ ఒకే చోట, ఒకే పేరుతో కనబడేలా చేయండి. పేరు ఒక్క అక్షరం తేడా ఉన్నా సగం పని దారి తప్పుతుంది. ఆపైన గ్నూ పారలల్ అనే సాఫ్ట్‌వేర్‌కు మూడు యంత్రాల పేర్లు, చేయాల్సిన పని చెబితే వరుస నుంచి ఒక్కొక్కటీ అదే పంచుతుంది. మొత్తం వదిలేముందు ముప్పై పేజీలతో నడిపి, ఫలితాలు తెరిచి కళ్లతో చూడండి. ఒక యంత్రంలో తెలుగు భాషా ఫైలు లేకపోతే దాని వంతు పేజీలన్నీ ఖాళీగా మిగిలిపోతాయి.

బ్లెండర్ వాడేవారికి ఇంకా సులువు. పంచుకున్న ఫోల్డర్‌లోకి ఫలితం వచ్చేలా పెట్టి, అవుట్‌పుట్ సెట్టింగుల్లో ప్లేస్‌హోల్డర్స్ ఆన్ చేసి, ఓవర్‌రైట్ ఆపేయండి. అదే ఫైలును అన్ని యంత్రాల్లో తెరిచి రెండర్ మొదలుపెడితే, ప్రతి యంత్రం ఇంకా ఎవరూ ముట్టని ఫ్రేమును వెతుక్కుని చేస్తుంది. ప్రోగ్రామర్లకు కంపైల్ పనిని పంచే డిస్ట్‌సీసీ ఉంది, దానికి అన్ని చోట్లా కంపైలర్ వెర్షన్ ఒకటే ఉండాలి.

ఈ మధ్య కుర్రవాళ్లు ఎక్కువగా అడుగుతున్నది మనతో మాట్లాడే ఏఐ భాషా నమూనాలను పాత కంప్యూటర్లన్నింటి మీదా కలిపి నడపవచ్చా అని. వాటిని ఇంటి కంప్యూటర్లలో నడిపే లామా.సీపీపీ అనే సాఫ్ట్‌వేర్‌లో అందుకు వీలుంది. అయితే అక్కడ కూడేది ప్రధానంగా జ్ఞాపకశక్తి (మెమరీ). ఒక్క యంత్రంలో పట్టని పెద్ద నమూనా రెండింటిలో పడుతుంది. జవాబులోని ఒక్కో మాట ముక్క (టోకెన్) మొదటి యంత్రంలోని పొరలు దాటాకే రెండోదానికి వెళుతుంది కనుక మాట వేగం రెట్టింపు కాదు.

చివరగా కరెంటు. 100 వాట్లు తాగే పాత డెస్క్‌టాప్‌ను రాత్రింబవళ్లు వదిలేస్తే నెలకు 72 యూనిట్లు. నేను పాత యంత్రాల బయాస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పటి సెట్టింగులు) వేక్-ఆన్-ల్యాన్ ఆన్ చేసి ఉంచాను. పని ఉన్నప్పుడు డెస్క్‌టాప్ వాటిని నెట్‌వర్క్ మీద నుంచే లేపుతుంది, వరుస ఖాళీ అవగానే అవే ఆగిపోతాయి. ల్యాప్‌టాప్‌లను గంటల తరబడి నడిపేటప్పుడు గాలి ఆడేలా కింద రెండు చెక్కలు పెట్టండి, ఉబ్బిన బ్యాటరీ కనబడితే ఆ యంత్రాన్ని వెంటనే పక్కన పెట్టేయండి.